కాగితపు కొలతా? ఒంటి కొలతా?

గడచిన వార్షికోత్సవంలో స్వాగత గీతం పాడిన పద్దెనిమిది మంది విద్యార్థినులకు ఒకే రంగు జాకెట్లు కుట్టి ఇచ్చే బాధ్యతను కుట్టుపని తరగతికి చెందిన మేము ఆరుగురము స్వీకరించాము. ముప్పైరెండు, ముప్పైనాలుగు, ముప్పైఆరు అంగుళాల ఛాతీ కొలతలకు మూడు కాగితపు నమూనాలు మా తరగతి గదిలో మేకులకు వేలాడుతూ ఉండేవి. ఎవరి ఛాతీ కొలత ఎంతో అడిగి వ్రాసుకొన్నాము, కాగితం బట్టపై పరచి సుద్దతో గీశాము, కత్తిరించాము, కుట్టాము. పదిరోజులలో పని ముగిసింది. కమిటీ వారు వేదికపై మా పేర్లు చదివి అభినందించారు. ఆ అభినందనకు మేము ఎంత వరకు అర్హులమో చెప్పుకొనుటకే ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

వేదికపై నిలిచినది పదిహేడు మందే. పద్దెనిమిదవ అమ్మాయి మేకప్ గదిలో కూర్చుని ఉండిపోయింది. ఆమెకు ఎడమ భుజం కుడి భుజం కంటే కొంచెం దిగువగా ఉంటుంది. మేము కుట్టిన జాకెట్టు మెడ ఎడమవైపు జారిపోయి, మెడ నుండి చంక వరకు ఏటవాలుగా ముడతలు పడి, చీర కొంగుతో ఎంత కప్పినా కనిపిస్తూనే ఉన్నది. మేము పిన్నులు పెట్టి సవరించబోతే ఆమె వద్దన్నది. “మీ తప్పేం లేదక్కా, నా ఒళ్ళే అంత” అన్నది.

ఆ మాట మమ్మల్ని చాలా దినాలు వెంటాడింది. తప్పు ఒంటిదని ఆమెకు ఎవరు నేర్పారు? మేమే నేర్పాము. ఆమెను నిలబెట్టి రెండు భుజాలూ కొలిచే ఓపిక మాకు లేకపోయింది. మేకుకు వేలాడుతున్న కాగితం సరియైనదని, దానిలో ఇమడని దేహం సరికానిదని మేము నోటితో అనలేదు కాని కత్తెరతో అన్నాము.

ఈ కాగితపు నమూనాకు ఇంత అధికారం ఎట్లు వచ్చినదో కొంచెం విచారించాము. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఎబెనీజర్ బటరిక్ అనే దర్జీ 1863లో వేర్వేరు సైజుల కాగితపు నమూనాలను అమ్మకానికి పెట్టాడు. మొదట పురుషుల, బాలుర దుస్తులకు, 1866 నుండి స్త్రీల దుస్తులకు కూడా అవి వెలువడినవి. అప్పటికే కుట్టు మిషను ఇండ్లలోకి ప్రవేశిస్తున్నది. దర్జీ దగ్గరకు పోలేని పల్లెటూరి గృహిణికి ఆ కాగితం గొప్ప ఉపకారమే చేసింది. దానిని మేము కాదనము. అయితే ఆ సైజులు ఎవరి ఒంటివి? ఈ ప్రశ్నకు సమాధానం వెదకుతూ అమెరికా ప్రభుత్వం 1939-40లో సుమారు పదిహేను వేల మంది స్త్రీలను కొలిపించింది. ఒక్కొక్కరికి ఏబది తొమ్మిది కొలతలు తీశారు. తుది లెక్కలలో తెల్లజాతి స్త్రీల కొలతలను మాత్రమే ఉంచుకొన్నారు. ఆ లెక్కల పునాదిపై 1958లో స్త్రీల దుస్తుల సైజులకు ఒక వాణిజ్య ప్రమాణం ఏర్పడింది. 1983లో దానిని ఉపసంహరించుకొన్నారు. ఏబది తొమ్మిది కొలతలు తీసిన ప్రమాణమే నిలువలేకపోయినప్పుడు ఒకే ఒక్క ఛాతీ కొలత అడిగి కోత ప్రారంభించిన మా ధైర్యాన్ని ఏమనాలి?

మన దేశంలో కూడా ఈ ఆలోచన ఆలస్యంగానైనా వచ్చింది. భారతీయుల దేహాలకు తగిన సైజుల పట్టిక కొరకు ఆరు నగరాలలో ఇరవై ఐదు వేల మందిని కొలిచే సర్వేను 2018లో ప్రకటించారు. ఆ ఆరింటిలో మన హైదరాబాదు ఒకటి. అంతకు పూర్వం మన దుకాణాలలోని రెడీమేడ్ దుస్తులపై ఉండే సైజులు చాలావరకు పరదేశపు పట్టికలను అనుసరించినవే. ఇట్టి సర్వేలు జరగవలసినవే. కాని ఎంత మంచి పట్టిక అయినా సగటు మనిషినే చెబుతుంది, ఆ సగటు మనిషి మా తరగతికి రాదు.

ముప్పైనాలుగు అంటే ఏమిటి? టేపు ఛాతీ చుట్టూ త్రిప్పితే వచ్చే అంకె. మా తరగతిలోనే ఆ అంకె గల ఇద్దరున్నారు. ఒకరికి వీపు వెడల్పు, ముందు భాగం పలుచన. మరొకరికి వీపు సన్నము, ముందు నిండు. పుస్తకం చెప్పే సూత్రం ప్రకారం ఛాతీ కొలతను నాలుగు భాగాలు చేసి, ఊపిరి పీల్చుకొనుటకూ చేతులు ఎత్తుటకూ కొంత లూజు కలిపి, ముందు వెనుకలకు పంచితే మొదటి అమ్మాయికి వీపు బిగుసుకొంటుంది, రెండవ అమ్మాయికి హుక్కుల మధ్య బట్ట నోరు తెరుస్తుంది. అంకె ఒకటే, జాకెట్టు ఒకటి కాదు. శుభకార్యాలలో మన ఇండ్లలో తాంబూలంతో పెట్టే రవికల గుడ్డ అందరికీ ఒకే కొలతతో ఉంటుంది. ఆ సమానత్వం గుడ్డ వరకే.

వార్షికోత్సవం తరువాత మేము మళ్ళీ విద్యార్థులమైనాము. బజారులో నలభై ఏండ్లుగా కుట్టుపని చేస్తున్న ఒక వృద్ధ దర్జీ వద్దకు వెళ్ళి మా కాగితాలు చూపించాము. ఆయన వాటిని అటూ ఇటూ త్రిప్పి, “కాగితం మంచిగనే ఉంది బేటా, కానీ దీన్ని ఇంకా కొయ్యలేదు గదా” అన్నారు. కోసిన కాగితమే గదా అని మేము అయోమయంలో పడ్డాము. ఆయన ఉద్దేశం వేరు. నమూనాను బట్టపై పెట్టుటకు ముందు, కట్టుకొనే మనిషిని బట్టి ఆ కాగితాన్నే చీల్చాలి, విప్పాలి, మడవాలి, అంటించాలి. ఆ తరువాత గాని అది నమూనా కాదు. ఆ పని ఆయన వద్ద నాలుగు ఆదివారాలు కూర్చుని నేర్చుకొన్నాము. నేర్చినదంతా ఇక్కడ చెప్పలేము గాని, రెండు మూడు విషయాలు మా చదువరులకు ఉపయోగపడగలవు.

ముందు భాగం నిండుగా ఉన్నవారికి చుట్టుకొలత మొత్తంగా పెంచి పెద్ద సైజు కాగితం తీసుకొనుట మేము చేసే సాధారణమైన పొరపాటు. అట్లు చేస్తే భుజాలు, మెడ, చంకలు కూడా పెద్దవై జాకెట్టు జారిపోతుంది. భుజాలకు సరిపోయే చిన్న సైజునే తీసుకొని, ముందు భాగపు కాగితాన్ని మాత్రమే సవరించాలి. నడుము డాటు మధ్య నుండి ఛాతీ బిందువు వరకు, అక్కడి నుండి చంక అంచు వరకు ఒక గీత గీసి కత్తిరించాలి. చంక దగ్గర వెంట్రుకవాసి కాగితం తెగకుండా మిగల్చాలి, అదే మడతబందు. పక్క డాటు నుండి కూడా ఛాతీ బిందువు వరకు మరొక గీత కత్తిరించాలి. ఇప్పుడు కాగితాన్ని విప్పితే కావలసిన చోట మాత్రమే వెడల్పు వస్తుంది. ఎంత విప్పాలి? మొత్తం మీద అంగుళంన్నర చాలలేదనుకొంటే ముప్పావు అంగుళమే విప్పాలి, ఏలనగా మన చేతిలో ఉన్నది సగం ముందు భాగమే. ఈ సగం సంగతి మరచి మాలో ఒకరు పూర్తిగా అంగుళంన్నర విప్పి కోసిన జాకెట్టులో ఇద్దరు పట్టేవారు. విప్పిన తరువాత మధ్య భాగపు కింది అంచు పొట్టిదై కనిపిస్తుంది. దానికి కాగితపు పట్టీ అంటించి సమం చేయాలి. డాట్లు లోతవుతాయి. అవి లోతు కావలసినవే, దేహపు గుండ్రదనాన్ని బట్ట పట్టుకొనేది వాటితోనే.

మెడ దగ్గర బట్ట వదులుగా లేచి నిలిచే జాకెట్లు మన కళాశాలలో చాలా కనిపిస్తాయి. దానికి మనవారు వెనుక దోరీ బిగిస్తారు, లేదా లోపల పిన్ను పెట్టుకొంటారు. దర్జీ గారు మెడ అంచున అర అంగుళం బట్టను వ్రేళ్ళతో చిటికెలా పట్టి చూపించారు. కాగితంపై అదే చోట నుండి ఛాతీ బిందువు వరకు ఒక సన్నని మడత వేస్తే మెడ దగ్గర మూసుకొన్న వదులు కింది డాటులో తెరుచుకొంటుంది. బట్ట ఎక్కడికీ పోలేదు, చోటు మార్చుకొన్నది. ఇంత చిన్న రహస్యం తెలియక ఎన్ని పిన్నులు గుచ్చుకొన్నామో!

ఇవన్నీ కొత్త బట్టపై కాక పాత చీర ముక్కపై మొదట పరీక్షించి చూడవలెనని ఆయన పట్టుపట్టేవారు. పొడవు కుట్లతో కుట్టి, తొడిగి, చేతులు ఎత్తి, వంగి, కూర్చుని చూడాలి. ముడత ఎటు చూపుతున్నదో అటే లోపం ఉంటుంది. నూలు అస్తరును కోతకు ముందు ఒక రాత్రి నీటిలో నానవేయాలి. లేకున్నచో మొదటి ఉతుకులోనే అది ముడుచుకొని, పై బట్ట దానిపై ఉబ్బి నిలుస్తుంది.

మన ఇండ్లలో ఈ జ్ఞానం పూర్తిగా లేదనుట సరికాదు. దర్జీ వద్దకు పోయేటప్పుడు మన తల్లులు ఆది జాకెట్టు తీసుకొని పోతారు. అది ఒంటిపై పరీక్షకు నిలిచిన నమూనా, ఏ కాగితం కంటే మేలైనదే. పక్క కుట్ల వద్ద లోపల అంగుళం, అంగుళంన్నర బట్ట వదలి, రెండు మూడు వరుసల కుట్లు వేయించే అలవాటు మరీ గొప్పది. ఒళ్ళు మారిన కొద్దీ ఒక్కొక్క వరుస విప్పుకొంటారు. పెండ్లినాటి పట్టు జాకెట్టును బిడ్డ పెండ్లినాడు కూడా తొడుక్కొనే తల్లుల నేర్పు ఆ కుట్లలో ఉన్నది. దేహం మారుతుందని ముందుగానే ఒప్పుకొన్న కోత అది. రెడీమేడ్ జాకెట్టులో పావు అంగుళం బట్ట వదలి యంత్రంతో అంచు కొట్టివేస్తారు. దానికి రేపు అనే ఆలోచన లేదు. అయితే ఆదికి కూడా ఒక దోషమున్నది. ఆ జాకెట్టులో తప్పు ఉంటే తప్పు కూడా తరతరాలుగా నకలు అవుతుంది. చంక దగ్గర పట్టేసే ఆది ఇస్తే పట్టేసే జాకెట్టే వస్తుంది, మనం “నా చేయి లావు” అనుకొని ఊరుకొంటాము.

మాట వచ్చింది గనుక, ఉర్దూ, తెలుగు రెండు విభాగాలున్న మన కళాశాలలో ఒక ముచ్చట చెప్పక తప్పదు. దర్జీ గారి వద్ద పనిచేస్తూ మేము ఆయన మాటలను వ్రాసుకొన్నాము. దర్జీ, అస్తరు, రఫూ పారసీ నుండి ఉర్దూ ద్వారా మన ఇండ్లలోకి వచ్చినవి. జేబు అరబ్బీ. బొత్తాము, కాజా పోర్చుగీసు వారి ఓడలలో దిగినవి. సూది సంస్కృత భవం. జాకెట్టు, డాటు, హుక్కు ఇంగ్లీషువి. ఒక్క రవికను కుట్టుటకు ఇన్ని భాషలు ఒకే పీటపై కూర్చున్నప్పుడు, కుట్టుపని తరగతిలో ఉర్దూ విభాగం వారు ఒక మూల, తెలుగు విభాగం వారు ఒక మూల కూర్చొనుట ఎంతవరకు శోభిస్తుందో విజ్ఞులు ఆలోచింతురు గాక. హైదరాబాదు ఖడా దుపట్టాకు చోళీ కోసే చేతికీ, గద్వాల చీరపైకి జాకెట్టు కోసే చేతికీ చంక గుంట ఒకే సమస్య.

ఇక అభ్యంతరాల మాట. మొదటిది, ఇప్పుడు నమూనాలు ఫోనులోనే దొరుకుతున్నవి, అచ్చు వేసుకొంటే చాలు గదా అని మా మిత్రులు అంటున్నారు. మేమూ వేయించాము. ఎ4 కాగితాలు పన్నెండు అంటించి జాకెట్టు కోస్తే ఎవరికీ పట్టలేదు. తరువాత చూస్తే, మూలన పరీక్ష కొరకు ఇచ్చిన పది సెంటీమీటర్ల చతురస్రం మా అచ్చులో తొమ్మిదిన్నర చిల్లర మాత్రమే ఉన్నది. కాగితంలో ఇముడునట్లు యంత్రం బొమ్మను నూటికి నాలుగు వంతులు కుదించినది. ముప్పైఆరు అంగుళాల మీద అది దాదాపు అంగుళంన్నర. స్కేలు పెట్టి ఆ చతురస్రాన్ని కొలిచి ఉంటే ఒక మీటరు బట్ట మిగిలేది. ఫోను నమూనాలు చెడ్డవని కాదు మా భావం. కొలవనివారికి ఏ నమూనా అయినా ఒకటే.

రెండవ అభ్యంతరం కమిటీలోని కొందరు పెద్దలది. వచ్చే సంవత్సరం నుండి ఈ శ్రమ లేకుండా చిన్న, మధ్య, పెద్ద సైజులలో రెడీమేడ్ జాకెట్లు కొని పంచుదామనే ప్రతిపాదన ఉన్నదని విన్నాము. వారి సదుద్దేశాన్ని మేము శంకించము. ఖర్చు తగ్గుతుంది, కాలం కలిసివస్తుంది, అందరూ ఒకే తీరుగా కనిపిస్తారు. ఈ మూడింటిలో చివరిదానినే మేము ఒప్పుకొనలేకున్నాము. రంగు ఒకటైతే ఒకే తీరు అవుతుంది; కోత ఒకటైతే కాదు. మూడు సైజులలో ఇమడని అమ్మాయి ప్రతి తరగతిలోనూ ఉంటుంది. ఆమెకు జాకెట్టు సరిపోనప్పుడు ఆమె కమిటీ వారి వద్దకు వచ్చి ఫిర్యాదు చేయదు. మేకప్ గదిలో కూర్చుంటుంది, లేదా ఆ రోజు జ్వరమని ఇంట్లో ఉండిపోతుంది. హాజరు పట్టీలో ఆ జ్వరానికి కారణం ఎవరూ వ్రాయరు.

మూడవది మా తరగతికి సంబంధించినది, మా అధ్యాపకులు మన్నింతురు గాక. రికార్డు పుస్తకంలో అంటించే చిన్న కాగితపు నమూనాలు పుస్తకంలోని బొమ్మకు ఎంత దగ్గరగా ఉంటే అన్ని మార్కులు వస్తున్నవి. దానిలో తప్పు లేదు, మొదట గీత నేర్వవలసినదే. కాని ఏ అమ్మాయి అయినా తన కొలతకు తగినట్లు చంకను పావు అంగుళం దింపి గీస్తే అది “తప్పు” అని ఎర్ర సిరా పడుతున్నది. మా విన్నపం ఇంతే: రికార్డులో ఒక్కటైనా సవరించిన నమూనా ఉండాలి. ఎవరి కొరకు, ఏ కొలత చూసి, ఎక్కడ చీల్చి, ఎంత విప్పారో పక్కన వ్రాయాలి. తొడిగి చూసిన తరువాత ఏ ముడత మిగిలినదో కూడా నిజాయితీగా వ్రాయాలి. ఆ ముడతకు మార్కులు తగ్గించరాదు.

కాలం ఎక్కడున్నదని అడుగవచ్చు. మేము లెక్క వేసి చూశాము. ఒకరిని పూర్తిగా కొలుచుటకు పావుగంట, కాగితం సవరించుటకు అరగంట, పాత బట్టపై పరీక్షకు గంట. పద్దెనిమిది మందికి ముప్పై గంటలు మించి పడుతుంది. ఆరుగురము పంచుకొంటే ఒక్కొక్కరికి ఐదు గంటల పైచిలుకు. సినిమా కబుర్లకు మేము వెచ్చించే కాలంతో పోల్చితే ఇది చాలా తక్కువని సిగ్గుపడుతూ ఒప్పుకొంటున్నాము. ఖర్చు అంతకన్నా స్వల్పం. పాత చీరలు మా ఇండ్ల నుండి మేమే తెస్తాము. కమిటీ వారిని మేము కోరేది ఒక చుట్ట గోధుమరంగు కాగితం, రెండు మంచి టేపులు, కొలతలు తీయుటకు తలుపు గడియపడే ఒక గది. ఇప్పుడున్న గదికి గడియ లేదు. కొలత సరిగ్గా రాకపోవుటకు సగం కారణం ఆ తలుపే. ఎవరు వస్తారోనని ఒదిగి నిలబడిన అమ్మాయి భుజాలు ఎట్లు నిజం చెబుతాయి?

ఆ పద్దెనిమిదవ జాకెట్టు సంగతి చెప్పి ముగిస్తాము. పరీక్షలైన తరువాత ఆమెను బ్రతిమాలి దర్జీ గారి దుకాణానికి పిలుచుకొని పోయాము. ఆయన భార్య లోపలి గదిలో కొలతలు తీసింది. మెడ ఎముక నుండి భుజం కొస వరకు, భుజం కొస నుండి నడుము వరకు, రెండు వైపులా వేరువేరుగా. ఎడమవైపు ముప్పావు అంగుళం తక్కువ. ఇంతకాలం ఆ అమ్మాయి మోసిన బరువంతా ముప్పావు అంగుళం! సగం కాగితాన్ని మడత బట్టపై పెట్టి కోసే అలవాటు మాని, కుడి ఎడమలకు వేర్వేరు కాగితాలు గీశాము. ఎడమ కాగితంలో మెడ దగ్గర ఏమీ తగ్గించక, భుజం కొస వద్ద ముప్పావు అంగుళం దించాము. చంక అడుగును కూడా అంతే దించాము, లేకపోతే చంక చుట్టు ఇరుకై చేయి పట్టేస్తుంది. రెండూ సమంగా దిగినవి గనుక చేతి ముక్కను మార్చే పని పడలేదు. కింది అంచును కదిలించలేదు. పాత చీర ముక్కపై ఒకసారి, అసలు బట్టపై ఒకసారి.

తొడుక్కొని అద్దం ముందు నిలిచి ఆ అమ్మాయి చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత రెండు చేతులూ పైకెత్తి చూసుకొన్నది. “అక్కా, ఇది పట్టెయ్యట్లేదు” అన్నది, అంతే.

ఆమె కాగితాలు రెండూ ఇప్పుడు మా తరగతి గదిలో ముప్పైనాలుగు అంగుళాల నమూనా పక్కన మరొక మేకుకు వేలాడుతున్నవి. ఆమె కోరిక మేరకు పేరు వ్రాయలేదు. “కుడి”, “ఎడమ” అని మాత్రం వ్రాశాము. వచ్చే వార్షికోత్సవానికి కొలతలు దసరా సెలవులకు ముందే ప్రారంభించదలచాము. ఆ లోపున తలుపుకు గడియ పెట్టించవలసినదిగా కమిటీ వారికి మనవి.